బడిలో మాటకు చేయూత: వాక్-భాషా చికిత్సా సహాయకుల పాత్ర

ఆత్రేయపురం: ‘పూతరేకు’ అనే మాట పలకాలంటే నోటిలో నాలుగు చోట్ల పని జరగాలి. ‘ప’కు పెదవులు కలవాలి. ‘త’కు నాలుక కొన పళ్లను తాకాలి. ‘ర’కు అదే కొన పైచిగురు వద్ద అదరాలి. ‘క’కు నాలుక వెనుక భాగం అంగిలిని అంటాలి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకులకు పుట్టినిల్లయిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా ఆత్రేయపురంలో ఈ మాట పసిపిల్లలకు సైతం సుపరిచితమే. అయినప్పటికీ వయసు వచ్చినా ఇటువంటి మాటలు స్పష్టంగా పలకలేని చిన్నారులు ఏ మండలంలోనైనా ఉంటారు. అటువంటి వారికి పాఠశాల ఆవరణలోనే నిత్య శిక్షణ అందించే వారే వాక్-భాషా చికిత్సా సహాయకులు.

మౌనాన్ని మందబుద్ధిగా భావించరాదు

మాట సరిగా రాని విద్యార్థి తరగతిలో ప్రశ్న అడగడు, పిలిచినా బదులివ్వడు. క్రమేణా వెనుక బల్లకు చేరి చదువులో వెనుకబడిన వానిగా ముద్ర వేయించుకుంటాడు. వాస్తవానికి కారణం వినికిడి లోపం, గ్రహణమొర్రి, నత్తి, ఆటిజం, భాషాభివృద్ధిలో జాప్యం వంటి వాటిలో ఏదైనా కావచ్చు. సాధారణంగా ఏడాది వయసుకు ఒంటి మాటలు, రెండేళ్లకు రెండేసి మాటల కలయికలు రావాలి. “వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలు వచ్చాయి” అని పెద్దలు సరిపెట్టుకోవడం వల్ల భాష నేర్చుకోవడానికి అత్యంత అనువైన తొలి సంవత్సరాలు చేజారిపోతున్నాయి. మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ మొదట వినికిడి పరీక్ష చేయించడం తప్పనిసరి.

సహాయకులు చేసేది, చేయరానిది

లోపాన్ని నిర్ధారించడం, చికిత్సా ప్రణాళిక రూపొందించడం, దానిని మార్చడం అర్హత గల వాక్-భాషా నిపుణుల బాధ్యత. ఆ ప్రణాళికను రోజువారీగా అమలు చేయడం సహాయకుల విధి. ‘కాకి’ని ‘తాతి’ అనే చిన్నారికి ‘క’ స్థానాన్ని చూపించి, ముందు అక్షరంగా, తర్వాత పదంగా, ఆపై వాక్యంలో పలికించడం, బొమ్మల కార్డులు తయారు చేయడం, వినికిడి యంత్రం పని చేస్తున్నదీ లేనిదీ ప్రతి ఉదయం సరిచూడడం, ప్రగతిని నమోదు చేసి నిపుణులకు తెలియజేయడం వీరి పనులలో ముఖ్యమైనవి. అమెరికాలోని పాఠశాలల్లో ఇటువంటి సహాయకులు నిపుణుల పర్యవేక్షణలోనే పని చేస్తారు. వీరి కోసం అక్కడి అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ అసోసియేషన్ 2020లో ప్రత్యేక ధ్రువీకరణను ప్రవేశపెట్టింది.

మన దేశంలో ఈ స్థాయికి దగ్గరగా ఉన్నది వినికిడి, భాష, వాక్కులలో ఏడాది వ్యవధి గల డిప్లొమా కోర్సు. 1965లో మైసూరులో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వంటి సంస్థలు ఈ శిక్షణను అందించాయి. భారత పునరావాస మండలి చట్టం, 1992 ప్రకారం పునరావాస నిపుణులు మండలి రిజిస్టరులో నమోదు కావలసి ఉంటుంది.

మండల స్థాయిలో భవిత కేంద్రాలు

‘సహాయకులు’ అనే ఈ పేరు మన పాఠశాలలకు కొత్తదే అయినా, ఆ పనిలో కొంత భాగాన్ని సమగ్ర శిక్ష పరిధిలోని భవిత కేంద్రాలలో పని చేసే సహిత విద్య రిసోర్సు ఉపాధ్యాయులు నిర్వర్తిస్తున్నారు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలు, పాఠశాలలలో 18 సంవత్సరాల లోపు పిల్లలను పరీక్షిస్తాయి. ఆ పరీక్షల పరిధిలో వినికిడి లోపం, గ్రహణమొర్రి, భాషాభివృద్ధి జాప్యం కూడా ఉన్నాయి. గుర్తించిన పిల్లలను జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు.

అయితే నిర్ధారణ ఒక్క రోజులో పూర్తి కావచ్చు గాని, మాట నేర్పడం నెలల తరబడి సాగే పని. గ్రామం నుండి పట్టణానికి వెళ్లిన ప్రతిసారీ తల్లి లేదా తండ్రి ఒక రోజు కూలి వదులుకోవలసి వస్తుంది. ఫలితంగా కొన్ని వారాలకే శిక్షణ ఆగిపోతుంది. ఆ ఖాళీని పూరించగలిగినది బడిలో నిత్యం అందుబాటులో ఉండే సహాయకులే.

కాక్లియర్ ఇంప్లాంట్ విషయంలో ఇది మరింత స్పష్టం. 2007లో ఆరోగ్యశ్రీగా ప్రారంభమై, నేడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా కొనసాగుతున్న పథకం ఈ శస్త్రచికిత్సను పేద పిల్లలకు చేరువ చేసింది. కానీ శస్త్రచికిత్స వినికిడిని మాత్రమే ఇస్తుంది, మాటను ఇవ్వదు. విన్న శబ్దాన్ని అర్థం చేసుకునే శిక్షణ నిరంతరాయంగా సాగకపోతే అమర్చిన పరికరం వల్ల ఆశించిన ప్రయోజనం దక్కదు.

యాస లోపం కాదు

సహాయకులు గుర్తుంచుకోవలసిన మరొక అంశం ప్రాంతీయ యాస. ‘ఆయ్’ అంటూ, ప్రతి మాటకూ ‘అండి’ చేరుస్తూ మాట్లాడే కోనసీమ బిడ్డకు వాక్ లోపం ఉన్నట్లు కాదు. సరిదిద్దవలసింది తన ఊరి వారికి సైతం అర్థం కాని పలుకునే గాని, ఊరి పలుకును కాదు. అందుచేతనే కొబ్బరి, లంక, పడవ, పూతరేకు వంటి స్థానిక పదాలతోనే అభ్యాసం చేయించడం ప్రయోజనకరం. బధిర విద్యార్థులకు సంజ్ఞా భాష కూడా సంపూర్ణమైన భాషేనని, దానిని నిరుత్సాహపరచరాదని గ్రహించాలి.

చట్టం కల్పించిన హక్కు

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాలలో వాక్-భాషా వైకల్యం ఒకటి. నిర్దేశిత స్థాయి వైకల్యం గల 6 నుండి 18 సంవత్సరాల పిల్లలకు సమీప పాఠశాలలో గాని, వారు కోరిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య పొందే హక్కును ఈ చట్టం కల్పించింది. కనుక మాటకు చేయూతనివ్వడం దయతో చేసే పని కాదు, అది విద్యలో అంతర్భాగం.

అనుమానం కలిగిన వెంటనే తల్లిదండ్రులు అంగన్‌వాడీ కార్యకర్తను, పాఠశాల ప్రధానోపాధ్యాయుని లేదా మండల భవిత కేంద్రాన్ని సంప్రదించవలసి ఉంటుంది. సహాయకుల సేవలు వినియోగించుకునే చోట నిపుణుల పర్యవేక్షణ, లిఖితపూర్వక ప్రణాళిక, ప్రగతి నమోదు అనే మూడూ సక్రమంగా ఉన్నవీ లేనివీ అధికారులు పరిశీలించాలి. ఈ మూడూ కుదిరిన పాఠశాలలో వెనుక బల్ల మీది చిన్నారి తన పేరు తానే చెప్పి, హాజరు పలుకగలుగుతాడు.