గ్యాస్‌తో నడిచే పాత కారు: కొనేముందు ఏమి చూడాలి?



"కారు పాతదే, కాని గ్యాస్ కిట్ ఉంది. పెట్రోలు ఖర్చు బాగా తగ్గుతుంది" అన్న మాట మీరు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. ఆ మాట నిజమే కావచ్చు. అయితే డిక్కీలో ఉన్న సిలిండరు ఏ సంవత్సరంలో తయారైంది, దాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అని అడిగేవారు తక్కువ. అడగకపోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఆ సిలిండరుకు ముందు సీట్లో కూర్చునేది మన ఇంటివాళ్లే. అందుకే పెట్రోలు నుంచి గ్యాస్‌కు మార్చిన కారును ఎలా పరిశీలించాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

రెండు గ్యాసులు, రెండు స్వభావాలు

మన దేశంలో కార్లలో వాడే గ్యాసులు రెండు. మొదటిది సి.ఎన్.జి., అంటే అధిక పీడనంతో కుదించిన సహజ వాయువు. ఇందులో ఎక్కువ భాగం మీథేన్. 1998లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో ఢిల్లీ బస్సులు ఈ ఇంధనానికి మారాయి. హైదరాబాదు, విజయవాడ వంటి నగరాల్లో 2003లో ఏర్పడిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థ దీన్ని సరఫరా చేస్తోంది. రెండవది ఎల్.పి.జి. ఇది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. మోటారు వాహనాల్లో దీని వాడకానికి 2000లో చట్ట సవరణ ద్వారా అనుమతి లభించింది.

మీథేన్ గాలి కంటే తేలిక. లీకైతే పైకి పోతుంది. ఎల్.పి.జి. ఆవిరి గాలి కంటే బరువు. లీకైతే డిక్కీ అడుగున, సెల్లారులో, వర్క్‌షాపు గుంతలో పేరుకుంటుంది. అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ గ్యాసులకు ఘాటు వాసన కలిపేది లీకును మనం పసిగట్టడానికే. కారు తలుపు తీయగానే ఆ వాసన వస్తే, "అది మామూలే" అన్న అమ్మకందారు మాట నమ్మకండి.

సిలిండరు ఏమి చెబుతుంది?

కారు టైరులో గాలి పీడనం సుమారు 2 బార్లు. సి.ఎన్.జి. సిలిండరులో అది సుమారు 200 బార్లు, అంటే వంద రెట్లు. ఇంత ఒత్తిడిని భరించే ఉక్కు తుప్పు పట్టినా, దెబ్బ తిన్నా ఏమవుతుందో ఊహించండి. అందుకే సి.ఎన్.జి. సిలిండరును 3 సంవత్సరాలకు ఒకసారి నీటి పీడనంతో పరీక్షించాలని నిబంధన ఉంది. ఈ పరీక్షను పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ గుర్తించిన కేంద్రంలోనే చేయించాలి. తయారీ సంఖ్య, తేదీ సిలిండరు మీదే చెక్కి ఉంటాయి. వాటిని పరీక్ష సర్టిఫికెట్టుతో సరిపోల్చండి. సంఖ్యలు కలవకపోతే ఆ సర్టిఫికెట్టు వేరే సిలిండరుదని అర్థం.

ఎల్.పి.జి. ట్యాంకు విషయం వేరు. అందులో ఇంధనం ద్రవరూపంలో ఉంటుంది. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది కాబట్టి ట్యాంకును 80 శాతం వరకే నింపాలి. ఆ మట్టం రాగానే నింపడాన్ని ఆపే వాల్వు ట్యాంకులోనే ఉంటుంది. వంటింటి సిలిండరుకు అలాంటి ఏర్పాటు లేదు. దాన్ని కారులో వాడటం ప్రమాదమే కాదు, చట్టవిరుద్ధం కూడా. డిక్కీలో వంటగ్యాస్ సిలిండరు కనిపించినా, దాని నుంచి ట్యాంకులోకి గ్యాస్ ఎక్కించే గొట్టం కనిపించినా ఆ బేరం అక్కడితో ఆపండి.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహనంలో చేసే మార్పులకు సంబంధించినది. ఇంధనం మారితే ఆ సంగతి ఆర్.సి.లో నమోదు కావాలి. ఆర్.సి.లో "పెట్రోలు" అని మాత్రమే ఉండి, డిక్కీలో సిలిండరు ఉంటే ఆ కిట్టు చట్టం దృష్టిలో లేనట్టే. "తరువాత ఎక్కించుకోవచ్చు" అంటే, ఆ పని పూర్తి చేశాకే డబ్బు ఇస్తామని చెప్పండి. ఆ కారు మోడలుకు ఆమోదం పొందిన కిట్టేనా, దాన్ని అధీకృత కేంద్రంలోనే బిగించారా అన్నది రశీదు చూసి తెలుసుకోవాలి.

బీమా పాలసీలో కూడా గ్యాస్ కిట్టు ప్రస్తావన ఉండాలి. దానికి కొంత అదనపు ప్రీమియం చెల్లించాలి. ఆ కొద్ది సొమ్ము మిగుల్చుకోవడానికి కిట్టును దాచిపెడితే, ప్రమాదం జరిగిన రోజున పరిహారం దగ్గర చిక్కులు వస్తాయి.

ఇంజను

పెట్రోలు కోసం తయారైన ఇంజనులో గ్యాస్ మండితే కొన్ని మార్పులు సహజం. గ్యాస్ సిలిండరులోకి వెళ్లే గాలి చోటును కొంత ఆక్రమిస్తుంది. అందువల్ల శక్తి కొంత తగ్గుతుంది. గ్యాస్ పొడి ఇంధనం కాబట్టి వాల్వులు ఆనే సీట్లు త్వరగా అరగవచ్చు. వాల్వుల ఖాళీని సకాలంలో సరిచేయని కారులో కంప్రెషన్ పడిపోతుంది, చివరికి ఇంజను పైభాగాన్ని విప్పవలసి వస్తుంది.

మరొక నష్టం కంటికి కనిపించదు. గ్యాస్ ఉంది కదా అని చాలామంది పెట్రోలు ట్యాంకును దాదాపు ఖాళీగా ఉంచుతారు. ట్యాంకులోని పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే. అది లేకపోతే పంపు కాలిపోతుంది.

అందుకే కారును చూడటానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ మీద చేయి పెట్టండి. వేడిగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేశారన్నమాట. చల్లారాక మళ్లీ స్టార్ట్ చేయించండి. పెట్రోలు మీద కొంత దూరం, గ్యాస్ మీద కొంత దూరం నడిపి చూడండి. ఏ.సి. వేసి ఫ్లైఓవరు ఎక్కించండి. ఇంధనం మార్చగానే కుదుపు వచ్చినా, ఆగిపోయినా కారణం అడగండి. నిండు సిలిండరు బరువుకు వెనుక స్ప్రింగులు కుంగాయేమో చూడండి. పైపుల జాయింట్లను మెకానిక్కు చేత సబ్బునీటితో పరీక్షింపజేయండి. అగ్గిపుల్ల గీసి చూడటం ఎన్నటికీ చేయరాదు.

లెక్క వేద్దాం

ఉదాహరణకు లీటరు పెట్రోలు 100 రూపాయలు, కారు లీటరుకు 15 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. కిలో సి.ఎన్.జి. 90 రూపాయలు, కిలోకు 20 కిలోమీటర్లు అనుకుందాం. కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు 6.67 రూపాయలు, గ్యాస్ ఖర్చు 4.50 రూపాయలు. మిగులు 2.17 రూపాయలు.

నెలకు 1000 కిలోమీటర్లు తిరిగేవారికి 2,170 రూపాయలు మిగులుతాయి. 300 కిలోమీటర్లే తిరిగేవారికి మిగిలేది సుమారు 650. ఇప్పుడు ఇంజను మరమ్మతుకు, సిలిండరు పరీక్షకు కలిపి 30,000 అయిందనుకోండి. మొదటివారికి అది 14 నెలల్లో తిరిగి వస్తుంది. రెండవవారికి దాదాపు 4 సంవత్సరాలు పడుతుంది. మీ ఊరి ధరలతో ఈ లెక్కను మీరే వేసి చూడండి.

గ్యాస్ కారు మంచిదా, చెడ్డదా అన్నది సరైన ప్రశ్న కాదు. సరిగా బిగించి, వేళకు పరీక్షించి, ఆర్.సి.లో నమోదు చేసిన కిట్టు ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు అలాంటి కారు చూడటానికి బయలుదేరితే మీరు కూడా వెంట వెళ్లండి. సిలిండరు మీది సంఖ్యను, సర్టిఫికెట్టు మీది సంఖ్యను మీరే చదివి సరిచూడండి. ఆ రెండు నిమిషాల పనికి మెకానిక్కు అవసరం లేదు.