ఎండుగడ్డి ఎవరి పాలు?

ఛత్తీస్‌గఢ్ దుర్గ్ జిల్లాలోని భిలాయి టౌన్‌షిప్ దాటి దక్షిణంగా పాటన్ వైపు సాగితే, ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు కనుచూపులో ఉండగానే వరి మళ్లు మొదలవుతాయి. అక్టోబరు చివర్లో అటు వెళ్లినప్పుడు ఓ పని చేయండి. గట్టు మీద గొంతుక్కూచుని, పండుతున్న వరి దుబ్బుల్ని చేత్తో పక్కకు తీసి చూడండి. నీళ్లు తీసేసిన మడిలో, కాలు పెడితే అంటుకునే బురద మీద రెండాకుల మొలకలు కనబడతాయి. కోతకు రెండు మూడు వారాల ముందే చల్లిన గింజలవి. ఎక్కువగా కేసరి (ఇక్కడ తివ్రా అంటారు), కొన్నిచోట్ల అవిసె. నాగలి పెట్టరు, ఎరువు వేయరు, తడి ఇవ్వరు. వరి కోసేనాటికి కింద రెండో పైరు లేచి ఉంటుంది.

దీని పేరు ఉతేరా. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందు మినుములు చల్లిన చేతులకు ఇది కొత్త సంగతేం కాదు.

నేలను వీలైనంత తక్కువ కదిలించాలి, మట్టిని గడ్డీగాదంతో కప్పి ఉంచాలి, పంట మార్చాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ‘పరిరక్షణ సేద్యం’ అంటూ ప్రపంచమంతా చెబుతున్న మూడు మాటలివే. మొదటిదీ మూడోదీ దుర్గ్ జిల్లా రైతు తాతల నాటి నుంచీ చేస్తున్నవే. అయితే ఉతేరా కోసం ఎవరూ యంత్రం అమ్మలేరు, శిలాఫలకం వేయలేరు. అందుకే కాబోలు, అది పథకాల జాబితాకు అరుదుగానే ఎక్కుతుంది.

పేచీ అంతా రెండో మాట దగ్గరే. గడ్డి పొలంలో వదిలేస్తే పశువు ఏం తినాలి? 2009లో కెన్ గిల్లర్, మరికొందరు శాస్త్రవేత్తలు ఆఫ్రికా చిన్న రైతుల గురించి రాస్తూ ఇదే అడిగారు. దున్నడం మానేస్తే పెరిగే కలుపు ఎవరు తీయాలని కూడా అడిగారు. తీసేది ఆడవాళ్లే. జింబాబ్వేలో చేత్తో గుంతలు తవ్వి విత్తే పద్ధతికి జనం పెట్టుకున్న పేరు ‘ధిగా ఉఫే’. తవ్వి చావు అని అర్థం. 2020 నుంచి అక్కడి ప్రభుత్వం అదే పద్ధతికి విత్తనాలు, ఎరువులు ముడిపెట్టి ఇంటింటికీ పంచింది.

ఛత్తీస్‌గఢ్‌లో నాగలికి ఇంకో పని కూడా ఉంది. దాని పేరు బియాసీ. చల్లిన వరి మొలిచి నెల దాటాక, నీళ్లు నిలిచిన మడిలో పైరు మీదుగానే తేలిగ్గా దున్నుతారు. కలుపు చస్తుంది, ఒత్తుగా ఉన్న మొక్కలు పలచబడతాయి. మొదటిసారి చూసిన డెల్టా రైతుకు గుండె గుభేలుమంటుంది! జులైలో నిలబడ్డ పైరును దున్నే మనిషే అక్టోబరులో దున్నకుండా విత్తుతాడు. ఎప్పుడు దున్నాలో తెలిసిన వాడికి దున్నొద్దని పాఠం చెప్పడమంటే, కలుపుమందు డబ్బా చేతికిచ్చినట్టే. ఆ మందుల్లో ఒకటైన గ్లైఫోసేట్ వాడకాన్ని 2022లో కేంద్రమే కట్టడి చేసింది.

ఇక అసలు రాజకీయానికి వద్దాం. పాటన్ ఎమ్మెల్యే భూపేశ్ బఘేల్ 2018 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యాక నర్వా, గరువా, ఘుర్వా, బాడీ అని నాలుగు మాటలు ఊరూరా మోగాయి. అంటే వాగు, పశువు, పెంటకుప్ప, పెరటితోట. 2020 జులై 20న, హరేలీ పండగ నాడు, కిలో రెండు రూపాయలకు పేడ కొనడం మొదలైంది. ఊరి పశువులు చేరే గౌఠాన్‌లో మహిళా సంఘాలు దాన్ని వానపాముల ఎరువుగా మార్చాయి. ఆ ఎరువు కిలో పది రూపాయలు. ‘పైరాదాన్’ పేరుతో ఎండుగడ్డిని గౌఠాన్‌కు దానమివ్వమనీ ప్రభుత్వం అడిగింది. 2022లో ముఖ్యమంత్రి పేడతో చేసిన పెట్టెలో బడ్జెట్ పట్టుకొచ్చారు.

ఆలోచన మంచిదే. పశువులేని పేదింటివాళ్లు కూడా పేడ ఏరుకుని నాలుగు రూపాయలు చూశారు. కానీ యూరియా కోసం సొసైటీకి వెళ్తే వానపాముల ఎరువు బస్తా అంటగడుతున్నారని, అందులో మట్టి కలుస్తోందని ఫిర్యాదులొచ్చాయి. ప్రతిపక్షం వాటిని పట్టుకుంది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. పేడ కొనుగోలు ఆగిపోయింది.

మారనిది వరి. ఒక పార్టీ క్వింటాలుకు 2,500 అంటే, ఇంకో పార్టీ 3,100 అంది, ఎకరాకు 21 క్వింటాళ్లు కొంటానంది. 2023లో సాధారణ రకం వరికి కేంద్రం మద్దతు ధర 2,183. వరి మాని అరికలు, సామలు, కంది వేస్తే ఎకరాకు పదివేలిస్తామని 2021లో చెప్పిందీ ఆ 2,500 ఇచ్చిన ప్రభుత్వమే. ఒక చేత్తో వరికి బోనసు, రెండో చేత్తో వరి మానమని బతిమాలడం. రైతు లెక్క వేసుకున్నాడు. ఆయన్ను తప్పుపట్టడానికి నాకైతే నోరు రాదు.

వరికి డబ్బులొచ్చాయి, కోతకు హార్వెస్టర్లూ వచ్చాయి. అవి దిగాలంటే మడి ఆరాలి, చక్రాల కింద తివ్రా మొలకలు నలగాలి. వెనకాల మిగిలిన గడ్డికి కొన్నిచోట్ల నిప్పు పెడుతున్నారు.

మన దగ్గరా కథ ఇంతే. 2024కల్లా 60 లక్షల మంది రైతుల్ని ప్రకృతి సేద్యంలోకి తెస్తామని ఆంధ్రప్రదేశ్ 2018లో ప్రకటించింది. 2024 వచ్చింది, ఆ కార్యక్రమానికి అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమతీ వచ్చింది. రైతుల సంఖ్య మాత్రం లక్ష్యానికి బహు దూరం.

ఉతేరా నిలవాలంటే కావాల్సింది పాత కట్టుబాటే. దాన్ని ఇక్కడ రోకా-ఛేకా అంటారు. ఫలానా రోజు నుంచి పశువుల్ని విడిచిపెట్టకూడదని ఊరంతా కూచుని ఒప్పుకోవడం. ఖరీఫ్ ముందు ఈ మాట ఇప్పటికీ నడుస్తుంది. కోతలయ్యాక ఎవరి గొడ్డు వాళ్లు వదిలేస్తారు, తివ్రా దాని పాలవుతుంది. ఊరి పశువుల్ని కాసే పహటియాకు ఏడాది కూలి వడ్లలో కొలిచే అలవాటుంది. రబీకీ పశువుల్ని కట్టడి చేయమంటే ఆయనకు పని పెరుగుతుంది, గడ్డి ఖర్చు పెరుగుతుంది.

రాయ్‌పూర్‌లో కూచుని వచ్చే పథకం రాసే దొరలకు ఒక్క మనవి. పేరేదైనా పెట్టుకోండి. డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ పహటియా కూలి ఎవరిస్తారో మొదటి పేజీలోనే రాయండి.