బొబ్బిలి కోట – వోటు పెట్టె

బొబ్బిలి అనగానే మనవారికి జ్ఞప్తికి వచ్చేది 1757 జనవరిలో జరిగిన యుద్ధం. బుస్సీ ఫిరంగులూ, విజయరామరాజు పంతమూ, తాండ్ర పాపారాయని పౌరుషమూ బుర్రకథలలో విన్నాము. 1964లో వెండితెర మీద కూడా చూశాము. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక ఆ కథ తరగతిలో నేనెన్నిమార్లు చెప్పానో లెక్కలేదు. అయితే బొబ్బిలిలో రెండవ యుద్ధం కూడా ఒకటి జరిగింది. అందులో ఫిరంగులు లేవు; వోటు పెట్టెలే ఉన్నాయి. దాని సంగతి మా విద్యార్థులలో నూటికి ఒక్కరికైనా తెలియదు.

అది 1937వ సంవత్సరం. 1935 నాటి చట్టం ప్రకారం రాష్ట్ర శాసనసభలకు మొట్టమొదటిసారిగా ఎన్నికలు వచ్చాయి. అప్పటి చెన్నరాష్ట్రమంటే తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ జిల్లాలన్నీ కలిసిన పెద్ద రాష్ట్రం. దానికి 1932 నవంబరు నుంచి మంత్రివర్గ నాయకుడు బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావుగారు. జస్టిస్ పార్టీకి నేత. వయస్సు ముప్పదియారు. సొంత జమీ, సొంత కోట, చేతిలో ప్రభుత్వం! ఆయన మీద పోటీకి నిలబడడానికి ఎవరికి గుండె ఉంటుంది?

నిలబడ్డవారు వరాహగిరి వేంకటగిరిగారు. బరంపురంలో పుట్టి, ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టిన మనిషి. ఆయన వెనుక కోటలూ లేవు, పేటలూ లేవు. కాంగ్రెసు ఉంది.

ఆ రోజుల్లో వయస్సు వచ్చిన ప్రతివారికీ వోటు లేదని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఇంత శిస్తో, ఇంత ఆస్తో, ఇంత చదువో ఉండాలి. గుర్తులకు బదులు రంగుల పెట్టెలుండేవి. కాంగ్రెసుది పసుపు పెట్టె. అక్షరం రానివాడికి కూడా పసుపు తెలుసును గదా! దివాణానికి శిస్తు కట్టే రైతు కూడా వోటరే. జమీందారుకు ఎదురు నిలిచి మాట్లాడడానికి జంకే ఆ రైతు, పెట్టె ముందుకు వెళ్ళేసరికి జంకలేదు. రాజావారు ఓడిపోయారు, గిరిగారు గెలిచారు. రాష్ట్రమంతటా 215 స్థానాలలో కాంగ్రెసుకు 159 వచ్చాయి. ఆ జూలైలో రాజాజీ మంత్రివర్గంలో గిరిగారు కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు.

కథ ఇంతటితో అయిపోతే, పేదవాడు గెలిచాడు, రాజు ఓడాడు అని నీతి చెప్పి ఊరుకోవచ్చును. కాని వోటరు అంత సులువుగా అర్థమయ్యే మనిషి కాడు.

1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. శిస్తు వసూలు చేసే దివాణం అధికారం పోయింది. ఆ తరువాత, 1967లో, అరువదియారేళ్ళ వయస్సులో, రంగారావుగారు ఆ బొబ్బిలిలోనే స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. గెలిచారు! జమీ ఉన్ననాడు కాదన్న ఊరు, జమీ పోయిననాడు అవునన్నది. దీనికి కారణాలు ఎన్నో ఉండవచ్చు. నాకు తోచినది ఒకటే: అధికారంతో అడిగినవాడికి ఇవ్వనిది, చేయి చాచి అడిగినవాడికి ఇవ్వడం మన పల్లెల మర్యాద.

మరి గెలిచిన గిరిగారో? 1957లో బొబ్బిలికి పొరుగునే ఉన్న పార్వతీపురంలో లోక్‌సభకు పోటీచేశారు. అది ద్విసభ్య నియోజకవర్గం. ఒక స్థానం గిరిజనులకు ప్రత్యేకించినది. గిరిజన అభ్యర్థులిద్దరికీ గిరిగారి కంటె ఎక్కువ వోట్లు వచ్చాయి. ఒకరికి ప్రత్యేక స్థానం, రెండవవారైన దిప్పల సూరిదొరగారికి సామాన్య స్థానం దక్కాయి. తేడా కొద్ది వందల వోట్లే. గిరిగారు సుప్రీం కోర్టు దాకా వెళ్ళారు. 1959లో అక్కడా సూరిదొరగారిదే గెలుపు. ద్విసభ్య నియోజకవర్గాలను 1961లో చట్టం చేసి తీసివేశారు. రాజును ఓడించినవారిని ఒక గిరిజనుడు ఓడించాడన్నమాట! ఆ ఓడినవారే 1969లో భారత రాష్ట్రపతి అయ్యారు.

కోటకూ వోటుకూ లావాదేవీ నేటికీ తీరలేదు. ఆ వంశానికి చెందిన సుజయ్ కృష్ణ రంగారావుగారు 2004, 2009లలో కాంగ్రెసు తరఫున, 2014లో వై.యస్.ఆర్. కాంగ్రెసు తరఫున బొబ్బిలిలో గెలిచారు. తరువాత తెలుగుదేశంలో చేరి, 2017లో మంత్రి అయ్యారు. 2019లో సంబంగి వెంకట చిన అప్పలనాయుడుగారి చేతిలో ఓడారు. 2024లో సుజయ్ గారి తమ్ముడు, జనం బేబీ నాయన అని పిలుచుకునే ఆయన, తెలుగుదేశం పక్షాన నెగ్గారు.

దీనిని చూసి “ఎప్పుడూ ఆ కోటవారేనా?” అని విసుక్కునేవారున్నారు. “మా ఊరి రాజులండీ!” అని మురిసేవారూ ఉన్నారు. ఇద్దరూ ఒక సంగతి మరుస్తున్నారు. 1757లో కోట ఎవరిదో తేల్చినవి ఫిరంగులు. 1937 నుంచి తేలుస్తున్నది ఊరు. కోటవారు సభకు వెళ్ళాలన్నా, ఇంట కూర్చోవాలన్నా ఒకనాడు దివాణం గడప ముందు చేతులు కట్టుకు నిలిచిన రైతు మనుమడి దగ్గరకు రావలసిందే. ఆ మనుమడు తన వోటు విలువ మరచిననాడే బొబ్బిలి నిజంగా ఓడిపోతుంది.