వరి మడి నుంచి మీథేన్: ఏ దేశంలో ఎంత? మన ఎకరంలో ఎంత?

‘మడిలో గొట్టం పెట్టండి, నీళ్లు ఆరబెట్టండి, కార్బన్ క్రెడిట్ల డబ్బు ఇస్తాం’ అంటూ కొన్ని సంస్థల వాళ్లు ఊళ్లకు వస్తున్నారు. మీ పొలం లెక్కను హైటెక్ సిటీలోనో, గచ్చిబౌలిలోనో, ఇంకో నగరంలోనో కంప్యూటర్ ముందు కూర్చుని ఉపగ్రహ చిత్రాలు చూసి వేస్తారు. ఆ లెక్క మీకూ తెలిస్తే కాగితం మీద సంతకం పెట్టాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు.

మీథేన్ ఎలా పుడుతుంది?

మడిలో నీళ్లు నిలిస్తే నేలలోకి గాలి అందదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు కొయ్యకాళ్లు, పచ్చి ఎరువు, వేళ్ల వ్యర్థాలను కుళ్లబెట్టి మీథేన్ తయారుచేస్తాయి. అందులో ఎక్కువ భాగం వరి మొక్కల గుండానే పైకి వస్తుంది. వందేళ్ల లెక్కలో ఒక కిలో మీథేన్ దాదాపు 28 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది.

దేశాల మధ్య తేడా ఎందుకు?

మన దేశంలో వరి నాలుగున్నర కోట్లకు పైగా హెక్టార్లలో పండుతుంది, చైనాలో సుమారు మూడు కోట్ల హెక్టార్లలో. అయినా వరి నుంచి వచ్చే మీథేన్ 2016లో సుమారు 34 లక్షల టన్నులని మన ప్రభుత్వ నివేదిక చెబితే, చైనా తన 2014 లెక్కలో 80 లక్షల టన్నులకు పైగా చూపింది. చైనా వరి దాదాపు అంతా నీటి వసతి కింద ఉంటుంది. గడ్డి, సేంద్రియ ఎరువు నేలలో కలపడం అక్కడ ఎక్కువ. మన వరిలో గణనీయమైన భాగం వానాధారం. కాలువ, బోరు కింద కూడా తడికీ తడికీ మధ్య మడి ఆరుతుంటుంది. చైనాలో దిగుబడి ఎక్కువ కాబట్టి, క్వింటాలుకు లెక్కిస్తే తేడా కొంత తగ్గుతుంది. పైగా ఏ దేశం లెక్క కట్టే తీరు దానిదే. అందువల్ల ఈ అంకెలను తూకం రాళ్లలా కాకుండా అంచనాలుగానే చూడాలి.

2021లో గ్లాస్గో సదస్సులో మీథేన్ తగ్గింపు ప్రతిజ్ఞలో మన దేశం చేరలేదు. వరి, పశువులు చిన్న రైతుల బతుకుదెరువు అన్నది మన వాదన. వియత్నాం మాత్రం 2030 నాటికి మెకాంగ్ డెల్టాలో 10 లక్షల హెక్టార్లలో తక్కువ ఉద్గారాల వరి పండించాలని పథకం పెట్టుకుంది. జపాన్ రైతులు పంట మధ్యలో మడి ఆరబెట్టే అలవాటును ఇంకో 7 రోజులు పొడిగిస్తే 2023 నుంచి అక్కడ క్రెడిట్లు వస్తున్నాయి.

మీ ఎకరం లెక్క

ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం (ఐపీసీసీ) 2019 మార్గదర్శకాల ప్రకారం దక్షిణాసియాలో ఎప్పుడూ నీళ్లు నిలిచే మడి రోజుకు హెక్టారుకు సగటున 0.85 కిలోల మీథేన్ వదులుతుంది. 100 రోజులకు ఎకరానికి సుమారు 34 కిలోలు. పలుమార్లు ఆరబెడితే అది 55 శాతానికి, అంటే సుమారు 19 కిలోలకు దిగుతుంది. మిగిలిన 15 కిలోలు సుమారు 430 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానం. ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను. అంటే ఒక పంటకు ఒక క్రెడిట్ రావాలన్నా రెండు ఎకరాలకు పైనే కావాలి. ఖర్చులు, కోతలు పోను రైతుకు దక్కేది ఇంకా తక్కువ. మీ మడి ఇప్పటికే ఆరుతూ తడుస్తూ ఉంటే కొత్తగా తగ్గేదీ తక్కువే.

కాబట్టి క్రెడిట్ డబ్బు మీద ఆశ పెట్టుకుని కాదు, బోరు నీళ్లు మిగులుతాయని ఈ పద్ధతి చేపట్టండి.

ఆరబెట్టే పద్ధతి

• 30 సెం.మీ. పొడవు గొట్టానికి కింది సగంలో రంధ్రాలు చేసి, ఆ సగం నేలలో దిగేలా పాతి, లోపలి మట్టి తీసేయండి.
• నాటిన మొదటి రెండు వారాలు పలుచగా నీళ్లు ఉంచండి. కలుపు తగ్గుతుంది.
• తర్వాత గొట్టంలో నీటి మట్టం నేలకు 15 సెం.మీ. కిందికి దిగాక 5 సెం.మీ. తడి ఇవ్వండి.
• పూత దశకు వారం ముందు నుంచి వారం తర్వాత వరకు మడి ఆరనివ్వకండి. తాలు గింజలు పెరుగుతాయి.
• నల్లరేగడిలో పెద్ద నెర్రెలు పడనివ్వొద్దు. చౌడు నేలల్లో ఈ పద్ధతి వద్దు.
• కొయ్యకాళ్లను నాటుకు 30 రోజుల ముందే కలియదున్నితే, నాటు ముందు కలిపిన దానికంటే మీథేన్ చాలా తగ్గుతుంది. కాల్చవద్దు.

కాలువ చివరి భూముల్లో తర్వాతి తడి ఎప్పుడొస్తుందో తెలియకపోతే మడి ఆరబెట్టే సాహసం చేయవద్దు.

సంతకానికి ముందు

ఒప్పందం తెలుగులో ఇమ్మని అడగండి. ఎన్నేళ్లు, మీ వాటా ఎంత, డబ్బు ఎప్పుడు, దిగుబడి తగ్గితే బాధ్యత ఎవరిది, కౌలు పొలమైతే డబ్బు ఎవరికి అన్నవి రాతలో ఉండాలి. ఒకే పొలాన్ని రెండు సంస్థలకు రాయకండి. క్రెడిట్లు నమోదు చేసే వెరా సంస్థ 2024లో చైనాకు చెందిన 37 వరి ప్రాజెక్టులను తిరస్కరించింది. ప్రాజెక్టు నిలవకపోతే క్రెడిట్లూ రావు, మీరు పడ్డ శ్రమకు డబ్బూ రాదు. అందుకే తడి పెట్టిన తేదీలు నోటుబుక్కులో రాసుకోండి, ఒప్పందం నకలు దగ్గర ఉంచుకోండి.

సందేహాలుంటే మీ వ్యవసాయ విస్తరణాధికారిని, దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి. వరి మీద పరిశోధన చేసే భారతీయ వరి పరిశోధన సంస్థ కూడా మన రాజేంద్రనగర్‌లోనే ఉంది. మొదటి పంటకు ఒక్క మడిలో చేసి చూసి, తర్వాత మిగతా పొలానికి విస్తరించండి.