నేలలోని ట్యాంకు, నేలక్రింది నీరు

1885వ సంవత్సరమున అమెరికాలోని ఫోర్ట్ వేన్ పట్టణమున ఒక కిరాణా దుకాణములో వెన్నపీపా ప్రక్కనున్న కిరోసిను పీపా కారుచుండెననియు, వెన్నకు కిరోసిను రుచి పట్టినదని కొన్నవారు మొరపెట్టుకొనిరనియు, ఆ దుకాణదారుని యిక్కట్టు తీర్చుటకే సిల్వానస్ బౌసర్ తన పంపును నిర్మించెననియు చెప్పుదురు. మోటారు బండ్లు వచ్చిన పిదప ఆ పంపు పెట్రోలు పోయుటకు అక్కరకు వచ్చెను. అగ్నిభయముచేత పెట్రోలు ట్యాంకు నేలలోనికి దిగెను. నిప్పునకు దూరమైన ఆ ట్యాంకు కంటికిని దూరమయ్యెను.

ఉక్కు ట్యాంకును పీడించు వ్యాధి తుప్పు. తడినేలలో రేకంతయు సమముగా అరుగక, ఒక్కచోట సూదిబెజ్జమంత గుంట పడి, అదియే లోనికి తొలుచుకొనిపోవును. పూర్వము దీనిని కనిపెట్టుటకు యజమాని చేతనున్న సాధనము కొలబద్ద. ఉదయముననే మూత తీసి, గీతలుగల ఆ బద్దను అడుగంట దించి, ఎంతవరకు తడిసినదో చదివి, నిన్నటి అమ్మకముతో సరిచూచుకొనెడివారు. కాని 10,000 లీటర్ల పెట్రోలు ఒక్క డిగ్రీ చల్లబడినంతనే సుమారు 10 లీటర్లు తగ్గును గనుక, దినమునకు రెండు మూడు లీటర్లు కారిపోయినను ఆ తేడాలో కలిసిపోయెడిది.

ఆ కారుటవలని కీడెంతయో ట్యాంకును చూచి చెప్పజాలము. దాని క్రిందినేలను చూచి చెప్పవలెను. ఈ విషయమున ఐర్లండు నేర్పునంత స్పష్టముగా నేర్పు దేశములు అరుదు. ఆ దేశమున దాదాపు సగము నేలకు అడుగున సున్నపురాయి యున్నది. మన బెలుం గుహలను చూచినవారికి, నీరు ఆ రాతిని కరగించి సొరంగములు చేయు తీరు వేరుగ చెప్పనక్కరలేదు. గాల్వే కౌంటీలో గోర్ట్ పరిసరమున నేలలో దూరిన నదీజలము కిన్వరా యొద్ద సముద్రతీరమున ఊటలై బయల్పడును. ఇట్టి చోట్ల నీటిగుంతలో రంగు కలిపి, అది ఏ ఊటలో ఎన్నడు తేలునో కాచియుండి, పరిశోధకులు భూగర్భ మార్గములను గుర్తింతురు.

పెట్రోలు నీటికన్న తేలిక గనుక నీటిమట్టముపై తెట్టెగా నిలుచును. అందలి బెంజీను మాత్రము నీట కరగి ప్రవాహముతో సాగిపోవును. త్రాగునీట లీటరునకు 1 మైక్రోగ్రామునకు మించి బెంజీను ఉండరాదని ఐరోపా నియమము. అనగా ఒక్క గ్రాము 10 లక్షల లీటర్లను ఆ హద్దునకు చేర్చును. దట్టమైన బంకమన్నులో ఈ విషము నెమ్మదిగా దిగును, సూక్ష్మజీవులు కొంత భక్షించుటకు వ్యవధియు దొరకును. రాతి సొరంగములలో ఆ వ్యవధియే లేదు.

కావుననే 1845లో నెలకొల్పబడిన ఐర్లండు భూగర్భ సర్వే సంస్థ దేశమునంతను భూజల దుర్బలత్వమునుబట్టి పటములుగా గీచినది. రాతిపై మన్ను 3 మీటర్లకు తక్కువైనచో ఆ చోటు మిక్కిలి దుర్బలము. నీరు సులువుగ చొరని మన్ను 10 మీటర్లకు మించినచో అల్పదుర్బలము. కారు చోటు, పారు దారి, చేరు బావి: ఈ మూడింటిని కలిపి చూచినగాని అపాయము అంచనాకు రాదు. నా దృష్టిలో ఈ పటము పెట్రోలు బంకు స్థలనిర్ణయమున తొలుత విప్పవలసిన కాగితము.

ట్యాంకు మాత్రము చికిత్స పొందకపోలేదు. ఓడల రాగిరేకులను కాపాడుటకు 1824లో హంఫ్రీ డేవీ కనిపెట్టిన ఉపాయముననుసరించి, ఉక్కునకు తోడుగ తానే క్షయించు లోహఖండమును తగిలించిరి. పిమ్మట గాజునార ట్యాంకులును, రెండు గోడల ట్యాంకులును వచ్చినవి. లోగోడ చిల్లిపడినచో నడిమి సందున చేరిన ద్రవమును యంత్రము పసిగట్టి గంట మ్రోగించును. వెలిగోడ దానిని నేలలో పడనీయదు. ఈ రెండవగోడ వలన కలిగిన మేలు పంపు వలన కలిగినదానికన్న గొప్పదని నా నమ్మకము.

ఐర్లండులో ఇంటి బావినీటి పరీక్ష ఇంటివారి బాధ్యతయే. నీట నూనెవాసన తగిలినచో, కాచి త్రాగవచ్చునని యెంచవలదు. త్రాగుట మాని వెంటనే పరీక్షకు పంపుడు.