మెహమాన్లు వచ్చే రోజు వంటిల్లు

"ఫలానా వారిని ఒకసారి భోజనానికి పిలవాలి." మన ఇళ్ళలో తరచుగా వినిపించే మాట ఇది. ఈ మాట అనుకున్న తరువాత రంజాన్ గడిచిపోతుంది, బక్రీద్ వెళ్ళిపోతుంది, పిలవడం మాత్రం జరగదు. దీనికి కారణం పిసినారితనం కాదు. పిలిస్తే బిర్యానీ ఉండాలి, దానితో పాటు మరో మాంసం కూర, కబాబులు, రెండు రకాల మీఠా ఉండాలి. క్రితంసారి వారింట్లో ఎన్ని రకాలు వడ్డించారో అంతకు ఒక్కటైనా తగ్గకూడదు. ఇన్ని చేయడానికి నెల జీతంలో వెసులుబాటు ఉండదు, వండే మనిషి ఒంట్లో ఓపిక ఉండదు. కనుక ఆహ్వానం వాయిదా పడుతూనే ఉంటుంది. చివరికి దగ్గరి బంధువులు సైతం ఎవరిదో ఒకరి నికాహ్‌నాడు షాదీఖానాలో ఎదురుపడితే తప్ప ఒకరి క్షేమం ఒకరు తెలుసుకోలేని స్థితి వచ్చింది.

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) గారి ఇంటికి ఇద్దరు అతిథులు వచ్చిన ఉదంతం హదీసు గ్రంథాలలో ఉన్నది. ఆయన రొట్టె, ఉప్పు తెచ్చి వారి ముందుంచారు. అతిథి కోసం స్తోమతకు మించి శ్రమపడడాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించి ఉండకపోతే తానూ అలాగే శ్రమపడి ఉండేవాడినని వారికి చెప్పారు. అతిథులలో ఒకరు, ఉప్పులోకి 'సఅతర్' అనే సువాసన గల ఆకు కూడా ఉంటే బాగుండునన్నారు. సల్మాన్ (రజి) తమ నీళ్ళ పాత్రను తాకట్టుకు పంపి ఆ ఆకు తెప్పించారు. భోజనం ముగిశాక ఆ అతిథి, ఉన్నదానితో తృప్తిపడే భాగ్యం కలిగించినందుకు అల్లాహ్‌ను స్తుతించారు. నిజంగా ఉన్నదానితో తృప్తిపడి ఉంటే తన పాత్ర తాకట్టుకు పోయేది కాదు కదా అని సల్మాన్ (రజి) బదులిచ్చారు.

ఆయన ప్రస్తావించిన ఈ వృథా శ్రమకే 'తకల్లుఫ్' అని పేరు. మనం రోజూ వాడే మాటే. వచ్చినవారు "తకల్లుఫ్ వద్దు" అంటారు, పిలిచినవారు "ఇందులో తకల్లుఫ్ ఏమున్నది?" అంటారు. ఆ సమయానికి పొయ్యి మీద ఐదో గిన్నె ఉడుకుతూ ఉంటుంది.

మరి హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) అతిథుల కోసం బలిసిన ఆవుదూడనే వండి తెచ్చారు కదా అని కొందరు అడగవచ్చు. నిజమే. కాని దివ్యఖుర్ఆన్‌లోని 'జారియాత్', 'హూద్' సూరాలలో ఆ ఘట్టాన్ని నిదానంగా చదవాలి. ఆయన అతిథులకు తెలియనివ్వకుండా ఇంట్లోకి వెళ్ళారు. తింటారా, ఏమి తింటారు అని విచారించలేదు. ఆలస్యం చేయలేదు. వండినదాన్ని తెచ్చి వారి దగ్గరగా ఉంచి, తినమని మృదువుగా అడిగారు. అక్కడ పేర్కొన్న వంటకం ఒక్కటే. తన వద్ద ఉన్నవాటిలో మేలైనదాన్ని శ్రద్ధగా వండి, వేళకు, వేడిగా పెట్టడమే మనకు అందులో కనిపించే ఆతిథ్యం. ఇక మన ఇంట ఉన్నది వట్టి సిర్కాయే అయితే? ఒకసారి దైవప్రవక్త (స) రొట్టెలోకి నంజుకోవడానికేమైనా ఉన్నదా అని ఇంట్లో అడిగితే సిర్కా తప్ప మరేమీ లేదన్నారు. ఆయన దానినే తెప్పించుకొని, మెచ్చుకుంటూ తిన్నారు.

ఇప్పుడు వంట విషయానికి వద్దాం. పదిమంది వచ్చే రాత్రికి ఏమి వండాలి? మా సలహా బగారా అన్నం, దాల్చా, ఒక వేపుడు మాంసం. పెరుగు పచ్చడిని వంటకంగా లెక్కించనక్కరలేదు. బిర్యానీ మీద మాకు విరోధం లేదు గాని, అది ఒకే సమయంలో మనిషి దృష్టినంతా కోరుతుంది. దాల్చాను పొద్దున్నే వండిపెట్టుకోవచ్చు. సాయంత్రానికి పులుపు పప్పుకూ ముక్కకూ పట్టి ఇంకా రుచిగా ఉంటుంది.

పదిమందికి నాలుగు వందల గ్రాముల శనగపప్పు, అరకిలో ఎముకల మాంసం, మధ్యరకం సొరకాయ ఒకటి, పెద్ద నిమ్మకాయంత చింతపండు సరిపోతాయి. పప్పును గంటసేపు నానబెట్టి పసుపు వేసి మెత్తగా ఉడికించాలి. మాంసాన్ని ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి, కారంతో విడిగా ఉడికించి, సొరకాయ ముక్కలు చేర్చి, అవి మెత్తబడ్డాక మెదిపిన పప్పు కలపాలి. చింతపండు రసం చివరనే పోయాలి. పులుపు ముందే తగిలితే పప్పు ఎంతసేపు ఉడికించినా బిరుసుగానే ఉంటుంది. చాలా ఇళ్ళలో దాల్చా చెడేది ఇక్కడే. రసం పోశాక పదిహేను నిమిషాలు మరగనిచ్చి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకుతో తాలింపు పెట్టాలి.

బగారా అన్నానికి ఆ పేరు వచ్చింది కూడా తాలింపు నుంచే. ఉర్దూలో 'బగార్' అంటే తాలింపు. కిలోంబావు బియ్యాన్ని అరగంట నానబెట్టి నీరు వంచాలి. నూనెలో షాజీరా, లవంగాలు, యాలకులు, దాల్చినచెక్క వేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయలను మధ్యస్థమైన మంట మీద ఓపికగా వేయించాలి. వాటి రంగే అన్నానికి రంగు. తరువాత అల్లంవెల్లుల్లి, పచ్చిమిర్చి, పుదీనా, కొత్తిమీర వేసి, నానిన బాసుమతికైతే గ్లాసుకు గ్లాసున్నర, సోనామసూరికైతే రెండు గ్లాసుల నీరు పోయాలి. కొత్త బియ్యమైతే కొంచెం తగ్గించాలి. మరిగే నీటిని చవిచూస్తే నాలుకకు ఉప్పు కాస్త ఎక్కువగా తోచాలి, అప్పుడే అన్నంలో సరిపోతుంది. బియ్యం వేశాక ఒకటి రెండుసార్లు మెల్లగా కలిపి ఊరుకోవాలి. పదేపదే గరిటె పెడితే మెతుకు విరుగుతుంది. నీరు ఇంకగానే మూత బిగించి సన్నని మంట మీద పది పన్నెండు నిమిషాలు దమ్ పెట్టి, దించాక మరో పది నిమిషాలు మూత తీయకూడదు.

వేపుడుకు మాంసాన్ని మధ్యాహ్నమే ఉడికించి ఉంచుకుంటే రాత్రి పెనం మీద పావుగంట పని. మీఠా కావాలంటే సొరకాయ ఖీర్ ముందురోజే చేసి చల్లగా పెట్టుకోవచ్చు. ఇలా చేస్తే మగ్‌రిబ్ తరువాత పొయ్యి మీద మిగిలేది అన్నం, వేపుడు మాత్రమే. ఇంటి ఇల్లాలు నిమ్మళంగా ఇషా నమాజ్ చేసుకోవచ్చు, స్త్రీల దస్తర్‌ఖాన్ వద్ద తానూ అందరితో కూర్చుని వేడి అన్నం తినవచ్చు. ఎంతోమంది ఇళ్ళలో దావత్ నాడు నమాజ్ వేళ దాటిపోయేదీ, అందరూ తిని లేచాక అడుగున మిగిలినది తినేదీ ఆమే. అతిథులను సంతోషపెట్టే పుణ్యకార్యంలో ఇంటి మనిషికి ఇంత అన్యాయం జరగడం మాకు సమ్మతం కాదు. దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనులలో తోడ్పడేవారని, నమాజ్ వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. పదిమందికి సరిపడా ఉల్లిపాయలు తరగడం, దస్తర్‌ఖాన్ పరచడం, గిన్నెలు కడగడం ఇంటి మగవారికీ చేతనయిన పనులే.

అతిథికీ కొన్ని బాధ్యతలున్నాయి. ఒకసారి దైవప్రవక్త (స)తో కలిపి ఐదుగురికి విందు ఏర్పాటు చేస్తే దారిలో మరొకరు వెంట వచ్చారు. ఆయన ఆ సంగతి గృహస్థునికి చెప్పి, అనుమతి లభించాకే ఆ వ్యక్తిని చేర్చుకున్నారు. ఫోన్ చేతిలో ఉన్న ఈ రోజుల్లో కూడా ముందు చెప్పకుండా ముగ్గురిని వెంటపెట్టుకొని వచ్చేవారున్నారు! భోజనం అయిన తరువాత కబుర్లలో పడి కూర్చుండిపోవద్దని 'అహ్‌జాబ్' సూరాలో ఉన్న ఆదేశం, దైవప్రవక్త (స) గారి వలీమా విందు సందర్భంలో అవతరించినది. ఇక వడ్డించినదానికి వంకలు పెట్టడం ఆయన ఎన్నడూ చేయలేదు. ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారు.

పక్కింటి హిందూ కుటుంబాన్ని పిలిచేటప్పుడు వారు మాంసం తింటారో లేదో ముందే మొహమాటం లేకుండా అడగాలి. తినకపోతే దాల్చాలో ఎముకలు మానేసి సొరకాయ మరికొంత వేయవచ్చు, వేపుడుకు బదులు పల్లీ, నువ్వులు, కొబ్బరి నూరి బగారా బైంగన్ చేయవచ్చు. వారి కోసం గరిటెలు, గిన్నెలు వేరుగా ఉంచితే వారు సంకోచం లేకుండా తింటారు.

చెప్పకుండా ఇద్దరు ఎక్కువ వచ్చినా కంగారు పడనవసరం లేదు. పొరుగువారికి అందేలా పులుసులో నీరు ఎక్కువ పోయమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూ జర్ (రజి)కు బోధించి ఉన్నారు. దాల్చాలో రెండు గ్లాసుల వేడినీరు పోసి, మరో పది నిమిషాలు మరిగించి, ఉప్పు, పులుపు సరిచూసుకుంటే చాలు. చన్నీళ్ళు మాత్రం పోయకండి.