గాంధీపురం నుంచి సముద్రానికి: డిసెంబరులో పడమరకు, పొంగల్ దాటాక తూర్పుకు

డిసెంబరు నాలుగో వారంలో కోయంబత్తూరు గాంధీపురంలో చేతిలో సంచి లేని మనిషి కనిపించడు. టౌన్ బస్టాండు, ముఫస్సిల్ బస్టాండు, తిరువళ్ళువర్ బస్టాండు, సత్యమంగళం రోడ్డు వైపు ఓమ్ని బస్టాండు అన్నీ నడిచి వెళ్లే దూరంలోనే ఉంటాయి. మాల వేసుకున్న అయ్యప్ప భక్తులు కేరళ బస్సుల కోసం నిలబడతారు. అర్ధ సంవత్సర పరీక్షలు ముగించుకున్న పిల్లలు అమ్మమ్మల ఊళ్లకు బయల్దేరతారు. ధనుర్మాసంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి పెద్దవాళ్లకూ తీరిక దొరుకుతుంది. క్రాస్‌కట్ రోడ్డు వెనక వీధుల్లో, ఇంట్లో తెలుగూ బయట తమిళమూ మాట్లాడే కుటుంబాల్లో ఈ వారమే ఒక మాట మొదలవుతుంది. ఊటీ చూశాం, వాల్పారై చూశాం, కొడైకెనాల్ చూశాం, ఈసారి పిల్లలకు సముద్రం చూపిద్దామా?

చూపించాలి, తప్పకుండా చూపించాలి. కాకపోతే కొండకు వెళ్లినట్టు చలికోటు సర్దుకుని బయల్దేరితే కుదరదు. ఇక్కడి నుంచి రెండు సముద్రాలు అందుబాటులో ఉన్నాయి. చలికాలం ఆ రెండింటికీ ఒకేలా ఉండదు. మొదటిసారి వెళ్లే కుటుంబం ముందు తెలుసుకోవలసిన సంగతి అదే.

సముద్రం లేని ఊరు, బస్సు ఉన్న ఊరు

కొంగునాడు తెలుగువాళ్లలో చాలామంది విజయనగర, నాయకరాజుల కాలంలోనూ ఆ తర్వాతా దక్షిణానికి వచ్చి స్థిరపడినవారే. విశ్వనాథ నాయకుడు 1529లో మదురై పాలన చేపట్టాక దారి మరింత తెరుచుకుంది. నల్లరేగడి నేలలు చూసుకుని కొందరు పత్తి వేశారు. మగ్గం తెలిసినవారు నేత పట్టారు. ఆ పత్తి పొలాల నుంచే తర్వాత మిల్లులు లేచాయి. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్‌ను స్థాపించారు. పీళమేడు నాయుళ్ల పీఎస్‌జీ ధర్మసంస్థ 1926లో మొదలైంది. ఇలా ఊరంతా పత్తి చుట్టూ, యంత్రాల చుట్టూ పెరిగింది. సముద్రం మాత్రం ఎవరికీ రోజువారీ బతుకులో భాగం కాలేదు.

దూరాన్ని దగ్గర చేసే పని మాత్రం ఈ ఊరివాళ్లకు బాగా తెలుసు. జి.డి. నాయుడు 1920లో పొళ్ళాచి, పళని మధ్య ఒకే ఒక్క బస్సుతో ప్రయాణికుల సర్వీసు మొదలుపెట్టారు. అది యూఎంఎస్‌గా పెరిగి పెద్ద బస్సుల సంస్థ అయింది. వేళకు బస్సు రావాలన్న పట్టుదల ఆయనది. ఇవాళ ఈ ఊళ్లో బస్సెక్కితే తమిళనాడు, కేరళ తీరాలకు ఒక రాత్రి ప్రయాణంలో చేరుకోవచ్చు. ఇక తేల్చుకోవలసిందల్లా ఏ తీరానికి, ఎప్పుడు అన్నదే.

చలికాలం చలిలో లేదు, గాలిలో ఉంది

ఉష్ణమండల సముద్రానికి చలి పట్టదు. జనవరిలో కూడా కేరళ తీరంలో నీళ్లు గోరువెచ్చగానే ఉంటాయి. అక్కడ రుతువును నిర్ణయించేది ఎండ తీవ్రత కాదు, గాలి వీచే దిక్కు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి అరేబియా సముద్రం మీదుగా వచ్చి కేరళను ముంచెత్తుతుంది. అప్పుడు పడమటి తీరంలో అలలు ఎత్తుగా లేస్తాయి, ఇసుక కోసుకుపోతుంది. అక్టోబరు రెండో సగంలో గాలి తిరిగి ఈశాన్యం నుంచి వీస్తుంది. అది బంగాళాఖాతం మీది తేమను తమిళనాడు తూర్పు తీరానికి మోసుకొస్తుంది. రామనాథపురం, నాగపట్నం, చెన్నై ఏడాదంతా ఎదురుచూసే వాన ఇదే. ఇది డిసెంబరు చివరి దాకా, కొన్నేళ్లలో జనవరి మొదటి వారం దాకా సాగుతుంది. తుపానులు వచ్చే కాలమూ ఇదే.

డిసెంబరు సెలవుల్లో రామేశ్వరం వెళ్దామనుకునే కుటుంబం వానకాలం చివరి రోజుల్లో ఆ తీరానికి వెళ్తోందన్నమాట. అదే వారంలో పశ్చిమ కనుమల అవతల కేరళ ఆరిపోయి ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ తీరానికి ఏడాది మొత్తంలో వాన తక్కువ, అలజడి తక్కువ.

కోయంబత్తూరుకు దక్కిన భాగ్యం పాలక్కాడు కనుమ. గుజరాత్ సరిహద్దు నుంచి కన్యాకుమారి దాకా గోడలా నిలిచిన పశ్చిమ కనుమల్లో ఇంత వెడల్పైన సందు మరొకటి లేదు. మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం పోదనూరు మీదుగా ఈ సందులోంచే అరేబియా తీరంలోని బేపూరు చేరింది. అది 1862లో. చలికాలం మొదటి సముద్రయాత్రకు ఆ దారినే పట్టుకోమని చెప్పడానికి గాలీ సాక్ష్యమే, భూమీ సాక్ష్యమే.

డిసెంబరు యాత్ర: పడమర

త్రిశూరు దాకా రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. గురువాయూరు గుడి దగ్గర దిగితే చావక్కాడు తీరం పక్కనే. పొద్దున దర్శనం, సాయంత్రం సముద్రం, రెండూ ఒక రోజులో అయిపోతాయి. కాకపోతే మండల, మకరవిళక్కు కాలంలో, అంటే నవంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా, గురువాయూరులో గది దొరకడం కష్టం. అయ్యప్ప భక్తులు శబరిమల వెళ్తూ, తిరిగి వస్తూ ఇక్కడ ఆగుతారు. గది ముందే మాట్లాడుకోవాలి, లేదా త్రిశూరులో బస చేసి పొద్దున్నే బయల్దేరాలి.

పిల్లలకు రైలంటే ఇష్టమైతే కోళిక్కోడు మేలు. కోయంబత్తూరు నుంచి కణ్ణూరు వెళ్లే రైలు షోరనూరు దాటి భారతపుళ నది పక్కగా సాగుతుంది. తిరూరు తర్వాత కొబ్బరితోటలు పట్టాల దాకా వచ్చేస్తాయి. కోళిక్కోడు ఊరి బీచ్‌లో సాయంత్రం గడిపి, మర్నాడు పొద్దున ఉత్తరాన ఉన్న కాప్పాడు వెళ్లవచ్చు. వాస్కో డ గామా 1498 మే నెలలో దిగింది ఈ తీరానే. శుభ్రతకూ భద్రతకూ ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో మన దేశంలో తొలి విడతగా దక్కిన తీరాల్లో కాప్పాడు ఒకటి, విశాఖ రుషికొండ ఇంకొకటి. మొదటిసారి సముద్రం చూసే పసివాళ్లతో వెళ్లేటప్పుడు స్నానాల గది, మరుగుదొడ్డి, కాపలా మనుషులు ఉన్న తీరాన్ని ఎంచుకోవడం చిన్న విషయం కాదు. అక్కడి నుంచి వెనక్కి వస్తూ బేపూరు చూడాలి. చెక్కతో ఉరు అనే పెద్ద ఓడలు కట్టే వడ్రంగుల ఊరది. అలలకు అడ్డంగా వేసిన రాతి కట్ట మీద నడిస్తే రెండు పక్కలా నీళ్లే.

ఇంకా ఒకటి రెండు రోజులు చేతిలో ఉంటే తలశ్శేరి, కణ్ణూరు మధ్యనున్న ముళప్పిలంగాడుకు వెళ్లవచ్చు. అక్కడ ఇసుక గట్టిగా ఉంటుంది కాబట్టి కారునే తీరం మీద నడపవచ్చు. దక్షిణానికి వెళ్దామనుకునేవారికి కొచ్చి సుమారు 190 కిలోమీటర్లు. ఫోర్ట్ కొచ్చిలో చీనా వలలు, వైపీన్ దీవిలో చెరాయి తీరం ఉన్నాయి. వర్కల ఇంకా కింద. అక్కడ ఎర్రని కొండచరియ నేరుగా సముద్రంలోకి దిగుతుంది. పైన జనార్దనస్వామి గుడి. అంచు మీద చిన్న పిల్లలను వదలకూడదు.

పొంగల్ తర్వాత యాత్ర: తూర్పు

రామేశ్వరం వద్దని కాదు. దాన్ని జనవరి చివరికో ఫిబ్రవరికో మార్చుకోమని మాత్రమే. అప్పుడు వాన వెళ్లిపోయి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. తై అమావాస్య నాడు మాత్రం పితృకార్యాలకు వచ్చేవారితో అగ్నితీర్థం కిక్కిరిసి ఉంటుంది. పంచాంగం చూసుకుని ఆ రోజును తప్పించాలి.

సింగానల్లూరు బస్టాండు నుంచి మదురై సుమారు 215 కిలోమీటర్లు. రైలులో అయితే పొళ్ళాచి, పళని, దిండుక్కల్ మీదుగా దారి. మదురైలో ఒక రాత్రి ఆగండి. తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహల్‌లో ఆ స్తంభాల కింద నిలబడితే మనవాళ్లు ఎంత దూరం వచ్చి ఎంత పని చేశారో పిల్లలకు చెప్పకుండానే తెలుస్తుంది. తై మాసంలో వండియూరు మారియమ్మన్ తెప్పకుళంలో మీనాక్షీ సుందరేశ్వరుల తెప్పోత్సవం జరుగుతుంది. ఆ కోనేరూ తిరుమల నాయకుడి కాలానిదే.

మదురై నుంచి రామేశ్వరం ఇంకో 170 కిలోమీటర్లు. ఈ దారికి మదురై నాయకులతో మరో సంబంధం ఉంది. 17వ శతాబ్దం ఆరంభంలో ముత్తు కృష్ణప్ప నాయకుడు రామనాథపురంలో సేతుపతుల వంశాన్ని నిలబెట్టాడు. సేతువుకు వెళ్లే యాత్రికులు దొంగల భయం లేకుండా పోయిరావాలన్నది ఆ ఏర్పాటు వెనకున్న కారణాల్లో ఒకటి. సముద్రం చూడబోయేవాడు క్షేమంగా తిరిగి రావడం అప్పుడు రాజు బాధ్యత. ఇప్పుడు ఆ బాధ్యత ఇంటిపెద్దది.

పాంబన్ పాత రైలు వంతెన 1914లో తెరుచుకుంది. దాని పక్కన కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైంది. పొడవు 2 కిలోమీటర్లకు పైమాటే. ఓడలు వచ్చినప్పుడు మధ్య భాగం నిటారుగా పైకి లేస్తుంది. కొండలు తప్ప మరేమీ చూడని పిల్లలకు ఆ వంతెన దాటే కొద్ది నిమిషాలే యాత్ర మొత్తానికి సరిపోతాయి. వంతెనకు ముందే ఉచ్చిపుళి దగ్గర అరియమాన్ తీరం ఉంది. సరుగుడు తోపు నీడ, లోతు తక్కువ నీళ్లు, కుటుంబాలకు అనువైన చోటు.

రామేశ్వరం నుంచి ధనుష్కోడి సుమారు 20 కిలోమీటర్లు. ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. ఈశాన్య గాలికి ఉత్తరపు నీళ్లు పోట్లాడతాయి, నైరుతి గాలికి దక్షిణపు నీళ్లు. గాలిని చూసి వల వేసే వైపు మార్చుకోవడం ఇక్కడి మత్స్యకారులకు తరతరాల విద్య. చలికాలంలో వచ్చే పెద్ద రాజహంసల కోసం తమిళనాడు ప్రభుత్వం 2025లో ఇక్కడ అభయారణ్యం ప్రకటించింది. చివరన అరిచల్‌మునై దాకా 2017 నుంచి రోడ్డు ఉంది. అక్కడ నీళ్లలోకి దిగవద్దు. రెండు సముద్రాల ప్రవాహాలు కలిసే చోటది, చూడడానికే తప్ప ఈదడానికి కాదు. చీకటి పడకముందే వెనక్కి రావాలి.

మరచిపోకూడని రెండు తేదీలు

ధనుష్కోడిలో శిథిలమైన చర్చి, రైల్వే కట్టడాలు ఎందుకలా ఉన్నాయని పిల్లలు తప్పక అడుగుతారు. నిజం చెప్పాలి. 1964 డిసెంబరు 22, 23 తేదీల మధ్య రాత్రి వచ్చిన తుపాను ఉప్పెన ఆ ఊరిని తుడిచిపెట్టింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలు ప్రయాణికులతో సహా కొట్టుకుపోయింది. మద్రాసు నుంచి వచ్చి ఇక్కడ ఓడ ఎక్కి సింహళం వెళ్లే బోట్ మెయిల్ ప్రయాణికుల రేవు ఆ రాత్రితో లేకుండా పోయింది. నలభై ఏళ్ల తర్వాత 2004 డిసెంబరు 26 ఉదయం సునామీ నాగపట్నం, కన్యాకుమారి, కొల్లం తీరాలను ముంచింది. ఇవి రెండూ మన పిల్లల సెలవుల వారంలోనే జరిగాయి. భయపడి మానుకోవడానికి కాదు, సముద్రం పట్ల మర్యాదతో ఉండడానికి ఈ తేదీలు గుర్తుండాలి.

ఇప్పుడు ముందస్తు హెచ్చరికలు ఉన్నాయి. సునామీ హెచ్చరిక కేంద్రం 2007 నుంచి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో పనిచేస్తోంది. అలల ఎత్తు, తీరంలో ఉప్పొంగే నీటి గురించి ఆ సంస్థ రోజూ ప్రకటనలు ఇస్తుంది. తుపాను కబురు వాతావరణ శాఖ చెబుతుంది. బయల్దేరే ముందు రోజు రాత్రి ఈ రెండూ చూసుకోవడం టికెట్టు చూసుకున్నంత అలవాటు కావాలి. మత్స్యకారులు వేటకు వెళ్లవద్దన్న హెచ్చరిక ఉన్న రోజు మనమూ నీళ్లలో దిగకూడదు.

నీళ్లలో దిగే ముందు

బావిలో, కాలువలో, ఈతకొలనులో నేర్చిన ఈత సముద్రంలో సరిపోదు. తీరానికి వచ్చిన నీరు ఒక్కోచోట సన్నని పాయగా లోపలికి వేగంగా వెనుదిరుగుతుంది. పక్కన అలలు విరుగుతుంటే అక్కడ మాత్రం నీరు ప్రశాంతంగా, ముదురు రంగులో కనిపిస్తుంది. కొత్తవాళ్లు అదే మంచి చోటనుకుని దిగుతారు. ఆ పాయలో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదవద్దు, బలం అయిపోతుంది. వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపి కేక వేయాలి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయలోంచి బయటపడాలి. ఎర్ర జెండా ఉంటే దిగకూడదు. ఎరుపు, పసుపు జెండాల మధ్య లైఫ్‌గార్డు కాపలా ఉంటుంది, స్నానం అక్కడే చేయాలి. చిన్న పిల్లలకు మోకాళ్ల లోతు చాలు, పెద్దవాళ్లు ఒకరు చెయ్యి అందేంత దగ్గరలో ఉండాలి. ఫోటో తీసే మనిషి వేరు, కాపలా కాసే మనిషి వేరు.

చలికాలమని ఎండను తక్కువగా చూడవద్దు. పది గంటల నుంచి మూడు గంటల దాకా ఇసుక మీద ఎండ చర్మాన్ని కాలుస్తుంది. పొద్దున, సాయంత్రం తీరంలో గడిపి మధ్యాహ్నం నీడలో ఉండాలి. టోపీ, నూలు బట్టలు, రెండు జతల తువ్వాళ్లు, సరిపడా మంచినీళ్లు పెట్టుకుంటే చాలు. దారిలో తినడానికి అవ్వ చేతి పులిహోర ఎప్పుడూ మంచిదే.

టికెట్ల విషయానికొస్తే, రైల్వే ఇప్పుడు 60 రోజుల ముందే రిజర్వేషన్ ఇస్తోంది. డిసెంబరు 25న బయల్దేరాలంటే అక్టోబరు చివర్లో టికెట్టు తీయాలి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా తీరంలో గదుల అద్దెలు పెరుగుతాయి. వీలుంటే జనవరి రెండో తారీఖు తర్వాత బయల్దేరితే ఖర్చూ తగ్గుతుంది, రద్దీ కూడా తగ్గుతుంది.

ఈ ఊరి తెలుగు కుటుంబాలకు మా విన్నపం ఇది. పిల్లలను సముద్రానికి తీసుకెళ్లండి, ఈ ఏడే తీసుకెళ్లండి. డిసెంబరులో వీలైతే పాలక్కాడు దాటి పడమరకు వెళ్లండి. రామేశ్వరం మొక్కు ఉంటే పొంగల్ కానిచ్చి బయల్దేరండి. లైఫ్‌గార్డు లేని చోట మాత్రం ఎవరినీ నీళ్లలో దిగనివ్వకండి.